ఘాజీని వేటాడిన రాజ్‌పుత్, 2021లో రిటైరైన రాజ్‌పుత్ ఒకటేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఘాజీని ముంచిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 41 ఏళ్ల సేవ తర్వాత 2021లో విశాఖలో రిటైరైంది" అని ఒక పోస్టులో చదివారు. 2021లోంచి 41 తీసేస్తే 1980. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది 1971లో. లెక్క తేడా కొడుతోంది, ఏది తప్పు? ఇంతకీ ఆ పేరు ఎవరిది? వాటిలో దేన్నైనా బీచ్‌లో చూడొచ్చా?

మీ లెక్కలో తప్పేమీ లేదు, తప్పు పోస్టుదే. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పేరుతో మన నేవీలో రెండు డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) పనిచేశాయి. మొదటిది బ్రిటిష్ వాళ్ల పాత నౌక. దాని నంబరు డి141, మన దగ్గర 1949 నుంచి ఉంది, 1976లో తుక్కు కింద విడగొట్టారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ హార్బర్ బయట డెప్త్ ఛార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసింది ఇదే. రెండోది సోవియట్ యూనియన్‌లో కట్టించుకున్న క్షిపణి నౌక, నంబరు డి51. 1980 మే 4న చేరింది, 2021 మే 21న విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో సెలవు తీసుకుంది. ఘాజీ మునిగేనాటికి ఈ రెండో నౌకకు అడుగు పలక కూడా వేయలేదు. ఆ పని మొదలైంది 1976 సెప్టెంబరులో.

ఇద్దరూ విశాఖవాళ్లే కావడంతో ఈ గందరగోళం. ఒకటి విశాఖ ముంగిట పేరు తెచ్చుకుంది, ఇంకొకటి విశాఖలోనే జెండా దించుకుంది. 1971 కథ పక్కన బ్రహ్మోస్ గొట్టాలున్న రెండో నౌక ఫొటో పడితే ఇక చెప్పక్కర్లేదు. చదివేవాళ్లు రెండూ ఒకటే అనుకోవడంలో వింతేముంది?

మొదటి రాజ్‌పుత్

దీని అసలు పేరు హెచ్ఎంఎస్ రోథర్‌హమ్. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో ఉన్న ఒక ఊరి పేరది. స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టింది. 1942 మార్చిలో నీళ్లలోకి దింపారు, అదే ఏడాది ఆగస్టులో రాయల్ నేవీలో చేరింది. "ఆర్" తరగతి డిస్ట్రాయర్లలో ఇది దళనాయక నౌక, అంటే దళం మొత్తానికి అధికారిగా ఉండే కెప్టెన్, ఆయన సిబ్బంది ఇందులోనే ఉండేవారు. పొడవు సుమారు 109 మీటర్లు, నాలుగు 4.7 అంగుళాల తుపాకులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు, ఆవిరి టర్బైన్లు. కొత్తలో 36 నాట్ల (గంటకు సుమారు 67 కి.మీ.) వేగం అందుకునేది. యుద్ధంలో ఎక్కువ కాలం హిందూ మహాసముద్రంలో ఈస్టర్న్ ఫ్లీట్‌తోనే తిరిగింది. 1945 సెప్టెంబరులో సింగపూర్ నౌకాస్థావరాన్ని జపాన్ నుంచి తిరిగి తీసుకున్నప్పుడు అక్కడ ఉంది.

1949లో ఇదీ, దీని తోటివి రెండూ మనకొచ్చాయి. రోథర్‌హమ్ రాజ్‌పుత్ అయింది, రెడౌట్ రంజిత్ అయింది, రైడర్ రాణా అయింది. ఈ మూడు పేర్ల మొదటి అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి, పేరు సంగతి దగ్గర మళ్లీ పని పడుతుంది.

1971 నాటికి దీనికి 29 ఏళ్లు. యుద్ధకాలంలో హడావుడిగా కట్టిన ఆవిరి నౌకకు అది ముసలితనమే. విశాఖకు పంపించిందే డీకమిషన్ చేయడానికి, అంటే సేవ నుంచి తప్పించడానికి. తూర్పు నౌకాదళానికి అప్పుడు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన చేతిలో ఉన్న అసలు సొత్తు విమానవాహక నౌక విక్రాంత్. పాకిస్తాన్ సబ్‌మెరైన్లలో బంగాళాఖాతం దాకా వచ్చి తిరిగి వెళ్లగలిగేది ఘాజీ ఒక్కటే, ఎందుకంటే మిగతావి చిన్నవి, అంత దూరం ఓపలేవు. ఘాజీ మాత్రం అమెరికా టెంచ్ తరగతి సబ్‌మెరైన్, పాత పేరు డయాబ్లో. మహాసముద్రాలు దాటడానికే కట్టిన రకం. నవంబరు 14న కరాచీలో బయల్దేరింది, విక్రాంత్ కోసమే.

కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల చాటుకు పంపి, విశాఖ వైపు ఉందన్న భ్రమ కల్పించారు. రాజ్‌పుత్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌కు అప్పగించిన పని ఇది: విశాఖకు 160 మైళ్ల దూరం వెళ్లి, తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో సందేశాల మీద సందేశాలు పంపడం. విమానవాహక నౌక చుట్టూ రేడియో సందడి ఎక్కువ ఉంటుంది. శత్రువు ఆ సందడిని పసిగట్టి విక్రాంత్ ఉనికి అంచనా వేస్తాడు. సందడి ఒక్కటే సరిపోదు కాబట్టి ఊళ్లో కూడా ఏర్పాట్లు చేశారు. విశాఖ కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్దమొత్తంలో ఆర్డరిచ్చారు. అంత సరుకు ఏ చిన్న నౌకకూ అక్కర్లేదు, ఆ కబురు గూఢచారుల చెవిన పడుతుందని లెక్క. విక్రాంత్ నావికుడెవరో తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతూ, నిబంధన మీరి పంపినట్టు ఒక తంతి కూడా నడిపించారు. రక్షణ నిపుణులు మెచ్చుకునేది ఈ భాగాన్నే. డెప్త్ ఛార్జీల సంగతి ఏమైనా, ఘాజీని విక్రాంత్‌కు దూరంగా విశాఖ ముందు కట్టిపడేసింది ఈ నాటకం.

డిసెంబరు 3న ఇంధనం నింపుకోవడానికి రాజ్‌పుత్ హార్బర్‌లో ఉంది. ఆ సాయంత్రమే పశ్చిమాన యుద్ధం మొదలైంది. అర్ధరాత్రికి కాస్త ముందు, లైట్లు ఆర్పుకుని బయల్దేరింది. బయటి చానల్ బోయా (నీటిదారికి గుర్తుగా తేలే పీపా) దగ్గర, హార్బర్‌లో దారి చూపే పైలట్ దిగిపోయాడు. సబ్‌మెరైన్ పొంచి ఉంటే ఇక్కడే ఉంటుందన్న అనుమానంతో కెప్టెన్ వేగం పెంచారు. ముందు వైపు నీళ్లలో ఏదో కదలిక ఉందని కాపలా నావికుడు చెప్పడంతో రెండు డెప్త్ ఛార్జీలు వదిలారు. అప్పుడు సమయం సుమారు 12:15. ఆ తర్వాత కొద్దిసేపటికి ఊళ్లో కిటికీ అద్దాలు అదిరేంత పేలుడు వినిపించింది. రాజ్‌పుత్ కాసేపు వెతికి, ఏమీ కనిపించక తన దారిన పోయింది. తెల్లవారాక జాలర్లకు శకలాలు దొరికాయి, తర్వాత డైవర్లు దిగి ఘాజీయేనని తేల్చారు. అందులో ఉన్న 93 మందీ చనిపోయారు. మన ప్రభుత్వం ఈ సంగతి బయటపెట్టింది డిసెంబరు 9న.

ముంచింది రాజ్‌పుతేనా?

ఇది మీరు అడగలేదు. కానీ సేవా చరిత్ర రాసేటప్పుడు ఈ వాక్యం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. భారత్ మాట: రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీల వల్లే మునిగింది. పాకిస్తాన్ మాట: ఘాజీలోనే ప్రమాదం జరిగింది, లేదా అది పరిచిన మైనే (నీళ్లలో అమర్చే మందుపాతరే) దాన్ని తాకింది.

కొంచెం లెక్క చూద్దాం. రెండో ప్రపంచయుద్ధ కాలపు మామూలు బ్రిటిష్ డెప్త్ ఛార్జి అంటే 290 పౌండ్ల (సుమారు 132 కిలోల) పేలుడు పదార్థం కూరిన పీపా. సెకనుకు మూడు మీటర్ల చొప్పున మునుగుతుంది. ముందే పెట్టిన లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి పేలుతుంది. సబ్‌మెరైన్ గట్టి గోడను చీల్చాలంటే ఆరేడు మీటర్ల లోపు పేలాలి. పన్నెండు మీటర్ల లోపైతే గట్టి దెబ్బే, పైకి తేలక తప్పని పరిస్థితి రావచ్చు. ఇంకా దూరమైతే లోపల బల్బులు పగులుతాయి, గుండెలు అదురుతాయి, అంతే. అందుకే యుద్ధంలో అయిదు, పది, పద్నాలుగు చొప్పున చాళ్లుగా వేసేవారు. చీకట్లో, కంటికి కనిపించిన కదలికను బట్టి వేసిన రెండు ఛార్జీలు నేరుగా తగలడానికి అదృష్టం చాలా కలిసి రావాలి.

అలాగని కొట్టిపారేయలేం. తీరం దగ్గర లోతు తక్కువ, కిందికి జారిపోయి తప్పించుకునే చోటు సబ్‌మెరైన్‌కు ఉండదు. పేలుడు తాకిడి నేలకు తగిలి తిరిగొస్తుంది. పైగా ఘాజీలో టార్పెడోలున్నాయి, మైన్లను కూడా టార్పెడో గొట్టాల్లోంచే వదులుతారు. వాటిలో ఒకటి రగిలితే ఛార్జి దగ్గర్లో పడాల్సిన అవసరం కూడా లేదు. శకలంలో ఎక్కువగా ఛిద్రమైంది ముందు భాగమే అన్న సంగతి ఈ ఊహకు బలం ఇస్తుంది. కానీ అదే సంగతి "లోపలే పేలింది" అనేవాళ్లకూ అంతే బలం ఇస్తుంది, చిక్కు అక్కడే ఉంది. ఇంకో అవకాశం బ్యాటరీలు. డీజిల్ సబ్‌మెరైన్ బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాల్లో అది నాలుగు శాతం దాటితే ఒక నిప్పురవ్వ చాలు.

నన్నడిగితే "రాజ్‌పుత్ దాడి చేసిన రాత్రే, అదే చోట ఘాజీ మునిగింది" అని రాయడం సురక్షితం. డెప్త్ ఛార్జి పడటం, సబ్‌మెరైన్ పేలడం కాకతాళీయం అని తేల్చడానికీ సాక్ష్యం లేదు, కాదని తేల్చడానికీ లేదు. 2017లో ఘాజీ మీద వచ్చిన సినిమాలో భారత సబ్‌మెరైనే దాన్ని ముంచినట్టు చూపించారు. అది కల్పన. ఆ రాత్రి విశాఖ ముందు తలపడిన సబ్‌మెరైన్ మనదేదీ లేదు.

ఇంకో సాధారణ పొరపాటు: డిసెంబరు 4న నేవీ డే జరిపేది ఘాజీ కోసం కాదు. ఆ రోజు రాత్రి కరాచీ మీద నిపట్, నిర్ఘాత్, వీర్ అనే క్షిపణి పడవలు జరిపిన ఆపరేషన్ ట్రైడెంట్ కోసం. ఒకే తేదీ దగ్గర రెండూ పడటంతో కలిసిపోయాయి.

రెండో రాజ్‌పుత్

దీన్ని ఇప్పటి ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ (అప్పట్లో నికొలాయెవ్) నౌకాశాలలో కట్టారు. రష్యన్ పేరు నదేజ్నీ, అంటే నమ్మదగినది. జార్జియాలోని పోటి రేవులో, అప్పటి మాస్కో రాయబారి, తర్వాత ప్రధాని అయిన ఐ.కె. గుజ్రాల్ చేతుల మీదుగా కమిషన్ అయింది. తొలి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందాని. ఆయన వైస్ అడ్మిరల్ అయి, రిటైరయ్యాక నేవీ చరిత్ర సంపుటాలు రాశారు. రెండో రాజ్‌పుత్‌ను నడిపినాయనే మొదటి రాజ్‌పుత్ కథను గ్రంథానికెక్కించాల్సి వచ్చిందన్నమాట.

సోవియట్ కషిన్ తరగతిని మన అవసరానికి మార్చిన రకం ఇది. నిండు బరువు దాదాపు 5,000 టన్నులు, పొడవు 147 మీటర్లు. అసలు కషిన్‌లో ముందొకటి వెనకొకటి 76 మి.మీ. జంట తుపాకులుంటాయి. మనవాళ్లు వెనకది తీయించి హెలికాప్టర్ హ్యాంగర్ పెట్టించుకున్నారు. నాలుగు గ్యాస్ టర్బైన్లు, మొత్తం 72,000 హార్స్‌పవర్, 35 నాట్లు. ఆవిరి నౌక కదలాలంటే బాయిలర్ వేడెక్కేదాకా గంటల తరబడి ఆగాలి, గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో సిద్ధం. నష్టాలు లేకపోలేదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు కూడా ఇంధనం తెగ తాగుతుంది. గాలి పీల్చడానికీ పొగ వదలడానికీ పెద్ద పెద్ద గొట్టాలు కావాలి, డెక్ మీద చాలా చోటు వాటికే పోతుంది. వాటి ఈల లాంటి మోత వల్లే రష్యన్లు ఈ నౌకలను "పాడే ఫ్రిగేట్లు" అనేవారు.

1991 తర్వాత ఇంకో తలనొప్పి. నౌక కట్టిన యార్డు, టర్బైన్లు తయారుచేసే కర్మాగారం ఉక్రెయిన్‌లో ఉండిపోయాయి, క్షిపణుల సంగతి రష్యాతో తేల్చుకోవాలి. ఒకే దేశం సరుకు రెండు దేశాల సరుకైంది. అయినా ఈ తరగతి ముప్పై, నలభై ఏళ్లు నడిచిందంటే డాక్‌యార్డ్ పనివాళ్ల చలవే.

సేవలో చెప్పుకోదగ్గవి: శ్రీలంకలో శాంతి పరిరక్షక దళానికి తోడుగా ఆపరేషన్ అమన్, ఆ తీరంలో గస్తీకి ఆపరేషన్ పవన్, 1988లో మాల్దీవుల ఆపరేషన్ క్యాక్టస్, లక్షద్వీప్ దగ్గర ఆపరేషన్ క్రోస్‌నెస్ట్. క్యాక్టస్ దగ్గర ఒక సవరణ: పారిపోతున్న కిరాయి సైనికుల ఓడను అడ్డగించి పట్టుకున్నవి గోదావరి, బేత్వా. రాజ్‌పుత్ ఆ ఆపరేషన్‌లో పాల్గొంది. అంతమాత్రాన ఆ వేటను దీని ఖాతాలో వేయకూడదు.

నా దృష్టిలో దీని అసలు ఘనత బ్రహ్మోస్. 2003లోనే ఈ నౌక మీంచి బ్రహ్మోస్‌ను సముద్రంలో పరీక్షించారు. ఇటూ అటూ ఉన్న రెండు పాత స్టిక్స్ క్షిపణి గొట్టాలు తీసేసి, ఒక్కోవైపు రెండేసి బ్రహ్మోస్‌లు పట్టే పెట్టెలు బిగించారు. స్టిక్స్ ధ్వనివేగం లోపలే ఎగురుతుంది. బ్రహ్మోస్ దానికి దాదాపు మూడింతల వేగం. ఇరవై ఏళ్లు దాటిన నౌకకు కొత్త ఆయుధం అమర్చి, పనిచేస్తుందని తేల్చుకున్నాకే మిగతా నౌకలకు ఎక్కించారు. పాత నౌకను ప్రయోగశాల చేసుకోవడంలో లాభం ఏమిటంటే, పరీక్షల కోసం ముందువరుస కొత్త నౌకను నెలల తరబడి కట్టేయక్కర్లేదు.

2021 మే 21న, కోవిడ్ రోజులు కాబట్టి స్థానిక అధికారులు, నావికులు మాత్రమే హాజరైన చిన్న కార్యక్రమంలో, సూర్యాస్తమయాన జాతీయ జెండా, నేవీ జెండా దించారు. అప్పటికి 31 మంది కెప్టెన్లు మారారు.

పేరు ఎవరిది?

వ్యక్తిది కాదు. సంస్కృతం రాజపుత్ర నుంచి వచ్చిన మాట, మనం రాజపుత్రులు అనే యోధకులం పేరు. నౌక నినాదం కూడా "రాజ్ కరేగా రాజ్‌పుత్". ఆర్మీలోని రాజ్‌పుత్ రెజిమెంట్ పేరు పెట్టారని చాలామంది రాస్తారు. క్రమం తిరగేయకండి. డి51కు ఆ రెజిమెంట్‌తో అనుబంధం ఉంది, ఆర్మీ రెజిమెంట్‌తో అలా జతకట్టిన తొలి నౌక కూడా ఇదే. కానీ పేరు 1949లో మొదటి నౌకకే పెట్టారు, అనుబంధం రెండో నౌకది.

మరి 1949లో ఆ పేరే ఎందుకు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న అక్షరం దగ్గరకు వద్దాం. రోథర్‌హమ్, రెడౌట్, రైడర్ "ఆర్" తరగతి నౌకలు. మనవాళ్లు పెట్టిన రాజ్‌పుత్, రంజిత్, రాణా కూడా అదే అక్షరంతో మొదలవుతాయి. తరగతి అంతటికీ ఒకే అక్షరం అన్న బ్రిటిష్ అలవాటు కొనసాగిందని తెలిసిపోతోంది. 1953లో వచ్చిన హంట్ తరగతి నౌకలకు గోదావరి, గోమతి, గంగ అని పెట్టారు, అక్కడా ఒకే అక్షరం. తర్వాత 1980లలో అవే మూడు పేర్లు కొత్త ఫ్రిగేట్లకు వచ్చాయి. అచ్చం అలాగే రాజ్‌పుత్, రాణా, రంజిత్ పేర్లు సోవియట్ నౌకలకు వచ్చాయి, పైన రణ్‌వీర్, రణ్‌విజయ్ చేరాయి. తాత పేరు మనవడికి పెట్టినట్టు నౌకల పేర్లు తిరిగొస్తుంటాయి. ఇప్పటి డిస్ట్రాయర్లకు నగరాల పేర్లు పెడుతున్నారు. రాజ్‌పుత్ వెళ్లిన 2021లోనే నవంబరులో ఐఎన్ఎస్ విశాఖపట్నం, డి66, చేరింది.

ఫొటో చూసి గుర్తుపట్టడం

నంబరు కనిపిస్తే అంతకన్నా సులువు లేదు: డి141 అంటే పాతది, డి51 అంటే కొత్తది. కనిపించకపోతే పొగగొట్టాలు చూడండి. ఒకే పొగగొట్టం, తెరిచి ఉన్న తుపాకులు, నడుమ టార్పెడో గొట్టాల వరసలు ఉంటే మొదటిది. పొగగొట్టాలు జంటలుగా రెండుచోట్ల, వెనక హెలికాప్టర్ దిగే చోటు ఉంటే రెండోది. పక్కల్లో పెద్ద పెట్టెలు కూడా కనిపిస్తే ఆ ఫొటో 2000 తర్వాతిది. నలుపు తెలుపు ఫొటో అయినంత మాత్రాన పాతదనుకోకండి, డి51 ఫొటోకు రంగు తీసేసినా అలాగే కనిపిస్తుంది.

చివరి ప్రశ్నకు జవాబు: ఆర్కే బీచ్‌లో రెండింటిలో ఏదీ లేదు. అక్కడున్నది ఐఎన్ఎస్ కురుసుర, మన సబ్‌మెరైన్, 2002 నుంచి మ్యూజియం. దాన్ని చూపించి పిల్లలకు "ఇదే ఘాజీ" అని చెప్పేవాళ్లున్నారు, అది తప్పు. 1971లో అది అరేబియా సముద్రంలో గస్తీలో ఉంది. బీచ్ రోడ్డు మీద విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, 1971 విజయానికి గుర్తు అదే. ఘాజీ శకలాన్ని 2024లో, మునిగిన సబ్‌మెరైన్లలోని వాళ్లను కాపాడటానికి వాడే నేవీ లోతు నీటి వాహనం మళ్లీ గుర్తించింది. ఆ నీళ్లలోనే 1944 ఫిబ్రవరిలో మునిగిన ఆర్ఓ-110 అనే జపాన్ సబ్‌మెరైన్ కూడా ఉంది. రెండింటినీ అందులో చనిపోయినవాళ్ల సమాధులుగా లెక్కించి కదపకుండా వదిలేశారు.